మళ్ళీ తెరుచుకుంటే పోదూ?

“మళ్ళీ తెరుచుకుంటే పోదూ! దానికింత రాద్ధాంతమా?” అని యెవరైనా అన్నారంటే, చేస్తున్న పని మధ్యలోంచి లేవాల్సిన అవసరం వారికి జన్మలో వచ్చి వుండదని నా గట్టి అనుమానం. ఈ మాట నేను మా ఆయన నోట విన్నాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు వుద్యోగం చేసే మా అబ్బాయి నోట విన్నాను. కంప్యూటరు బాగుచేసే కుర్రవాడి నోట కూడా విన్నాను. ఆడవాళ్ళ నోట మాత్రం ఇంతవరకూ వినలేదు. ఇది కాకతాళీయమని మీరనుకుంటే అనుకోండి, నేను అనుకోను.

సంగతేమిటంటే – కంప్యూటరు కట్టేసి మళ్ళీ పెట్టినప్పుడు, అంతకుముందు మనం తెరిచి సర్దుకున్న కిటికీలన్నీ మాయమైపోయి, బోడిగుండులాంటి తెర ఒక్కటే ప్రత్యక్షమవుతుందే, దాని గురించి. కిటికీలంటే మన ఇంటి కిటికీలు కావు లెండి. ఒక్కొక్క పనికీ తెరమీద ఒక్కొక్క చట్రం వస్తుంది చూడండి, అవి. నేను సిర్గాపూర్‌లో ఇంటిపట్టునే వుండి నలుగురైదుగురు కొట్లవాళ్ళకీ, రెండు మహిళా సంఘాలకీ లెక్కలు రాసిపెడుతూ వుంటాను. ఎడంవైపు లెక్కల పట్టిక. కుడివైపు బ్యాంకు పాసుబుక్కు ఫొటో. దాని కింద కాలిక్యులేటరు. ఓ మూలగా గ్రూపులో వచ్చిన మెసేజీలు – యే నెల యెవరెంత కట్టారో అందులోనే వుంటుంది మరి. ఈ నాలుగూ ఈ నాలుగు చోట్ల వుంటేనే నా చూపు అటూ ఇటూ ఆడుతుంది, లెక్క తేలుతుంది. ఏది ఎక్కడుందన్నదే సగం పని.

మీకు వేరే చెప్పాలా? నట్టనడిరాత్రి కరెంటు పోయినా ఉప్పు యెక్కడుందో, పసుపెక్కడుందో మన చెయ్యి వెతుక్కోకుండానే తీస్తుంది. పోపులడబ్బాలో ఆవాల గిన్నె జీలకర్ర గిన్నె చోటుకి మారితే ఆ పూట పోపు మాడిందన్నమాటే. ఇప్పుడొక మహానుభావుడు రోజూ రాత్రి మనం పడుకున్నాక వచ్చి, డబ్బాలన్నీ అటకెక్కించి, గట్టు తుడిచేసి, “చూశావా, ఎంత శుభ్రంగా వుందో!” అన్నాడనుకోండి. పొద్దున లేచి వాడికి దణ్ణం పెడతామా, అట్లకాడ అందుకుంటామా?

మా అబ్బాయి వాదన అచ్చంగా ఇదే. “రీస్టార్ట్ చేస్తే క్లీన్‌గా వుంటుందమ్మా” అంటాడు. నాయనా, శుభ్రం వేరు, శూన్యం వేరు. నువ్వు చెప్పేది శుభ్రం కాదు.

అసలీ ‘డెస్క్‌టాప్’ అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో గమనించారా? డెస్క్ అంటే ఆఫీసు బల్ల. జిరాక్స్ కంపెనీవారు – అవును, మన ఫొటోకాపీల జిరాక్సే – 1970లలో తమ పరిశోధనశాలలో తెరనే ఆఫీసు బల్లగా చూపించే పద్ధతి కనిపెట్టి, 1981లో ‘స్టార్’ అనే యంత్రంగా అమ్మకానికి పెట్టారు. బల్లమీద కాగితాలు, పక్కన ఫైళ్ళ సొరుగు. బాగానే వుంది. కాని ఆ బల్ల ఎవరిది? తలుపు కొడితే గొళ్ళెం తియ్యడానికి ఇంకో మనిషి వున్నవారిది. పొద్దున తొమ్మిదికి కూర్చుని, సాయంత్రం అయిదుకి పని ముగించి, ఫైలు మూసి లేచి వెళ్ళేవారిది. అలాంటివారికి సాయంత్రం అన్నీ మూసేసి, రేపు పొద్దున మళ్ళీ తెరవమంటే పెద్ద కష్టమేమీ లేదు. వారి పనికి ఒక మొదలూ ఒక చివరా వున్నాయి.

మన పనికి మొదలెక్కడ, చివరెక్కడ? పట్టుమని పావుగంట కూర్చుంటే గొప్ప. పాలవాడు, కుక్కరు కూత, స్కూలు బస్సు, అత్తగారి మందులు, “నా నీలం చొక్కా యేదీ?” మన పని ఎప్పుడూ సగంలోనే ఆగుతుంది, సగంలోంచే మళ్ళీ మొదలవుతుంది. అందుకే సగంలో ఆగినచోట గుర్తు పెట్టుకోవడంలో ఆడవాళ్ళని మించినవాళ్ళు లేరు. స్వెట్టరు అల్లుతూ లేవాల్సివస్తే యే వరసలో వున్నామో సూదికి దారం చుట్టి లేస్తాం. సీరియల్ చదువుతూ లేస్తే పేజీ మడుస్తాం. ముగ్గు సగంలో వుండగా ఫోను మోగితే యెన్ని చుక్కలయ్యాయో పైకే అనుకుంటూ లోపలికి పోతాం. ఒక్క జొన్నరొట్టె పిండి మాత్రం మన మాట వినదు. వేణ్ణీళ్ళు పోసి కలిపాక వదిలేసి వెళితే రొట్టె విరుగుతుంది. పిండికి బుద్ధి లేదు, సరే. వేలకు వేలు పోసి కొన్న కంప్యూటరుకి కూడా లేకపోతే యెట్లా?

చెయ్యడం చేతకాకనా అంటే, అదీ కాదు. మీ చేతిలో వున్న ఫోనునే చూడండి. ఆండ్రాయిడ్ ఫోనుకి ప్రోగ్రాములు రాసేవాళ్ళకి మొదటినుంచీ ఒక నియమం వుంది – “నీ తెరని మేం యే క్షణానైనా మూసేస్తాం, నువ్వెక్కడున్నావో ముందే రాసి పెట్టుకో” అని. ఎందుకంటే ఫోనంటేనే మధ్యలో పిలుపు వచ్చే వస్తువు. అంతరాయం దాని పుట్టుకలోనే వుంది. అంచేత దాన్ని చేసినవాళ్ళు అంతరాయాన్ని లెక్కలోకి తీసుకుని చేశారు. బల్లమీది కంప్యూటరు చేసినవాళ్ళు లెక్కలోకి తీసుకోలేదు. అంతే తేడా.

పోనీ, అది పాతకాలపు యంత్రం, అప్పట్లో ఆలోచన రాలేదేమో అందామా? 1987లో కానన్ కంపెనీ ‘క్యాట్’ అని ఒక యంత్రం అమ్మింది. దాన్ని తయారుచేసినాయన జెఫ్ రాస్కిన్. అంతకుముందు 1979లో యాపిల్‌లో మెకింతోష్ పని మొదలుపెట్టిన మనిషే. ఆ క్యాట్‌ని కట్టేసి మళ్ళీ పెడితే, నిన్న ఏ అక్షరం దగ్గర వదిలేశారో ఆ అక్షరం దగ్గరే తెర ప్రత్యక్షమయ్యేది. రాసిందంతా ఫ్లాపీలో, దాంతోబాటే ఆఖరున చూసిన తెర బొమ్మ కూడా. పెట్టీపెట్టగానే ముందు ఆ బొమ్మ చూపించేది – మనం “ఆ, ఇక్కడున్నాను కదూ” అని గుర్తు తెచ్చుకునేలోపు తక్కిన సరంజామా వెనకాల సర్దుకునేది. మనిషి మనసు యెలా పనిచేస్తుందో తెలిసినవాడు చేసిన పని అది. ఆ యంత్రం బజారులో నిలవలేదు, కొద్ది నెలలకే అమ్మడం మానేశారు. మంచివి నిలవకపోవడం కొత్తేమీ కాదుగా.

ఆ తర్వాత 1994లో, యూనిక్స్ యంత్రాల కిటికీల వ్యవస్థవారు కూడా ఒక ఒడంబడిక రాసుకున్నారు. యంత్రం కట్టేయబోయే ముందు తెరిచివున్న ప్రతి ప్రోగ్రాముకీ ఒక కబురు వెళుతుంది. ఆ కబురు పేరేమిటో తెలుసా – ‘సేవ్ యువర్‌సెల్ఫ్’. అంటే నిన్ను నువ్వు రక్షించుకో అని! ప్రోగ్రాము తన సంగతులన్నీ రాసిపెట్టి “సరే” అంటే, రేపు దాన్ని అదే స్థితిలో లేపుతారు. ఎంత ముచ్చటైన యేర్పాటు! తీరా చూస్తే చాలా ప్రోగ్రాములు ఆ కబురుని పెడచెవిన పెట్టాయి. పెళ్ళిపిలుపు అందరికీ పంపితే సగంమంది జవాబివ్వనట్టు. యాపిల్ వారు 2011లో, “మళ్ళీ వచ్చినప్పుడు ఈ కిటికీలన్నీ తెరిచి పెట్టమంటారా?” అని అడిగే గడి పెట్టారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు 2006 నుంచీ పోయిన పేజీలని తిరిగి తెస్తూనే వుంది. అంటే తలుచుకుంటే అయ్యే పనే.

మరి మన ఇళ్ళలో యెక్కువగా వుండే విండోస్ మాటేమిటి? 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒకటుంది. దీని గురించి తెలిసిన రోజున నేను ముక్కున వేలేసుకున్నాను. మనం షట్‌డౌన్ నొక్కగానే అది తన సొంత సంగతులు, అంటే లోపలి వ్యవస్థ స్థితిని, డిస్కులో భద్రంగా రాసి దాచుకుంటుంది – మర్నాడు తొందరగా లేవడానికి. మన కిటికీలు మాత్రం మూసేసి పారేస్తుంది! ఇల్లుగలాయన తన పట్టుబట్టలు బీరువాలో పెట్టుకుని, అద్దెకున్నవాళ్ళ సామాను వీధిలో పెట్టినట్టు లేదూ? దాచడం తెలుసు, తియ్యడం తెలుసు, చోటూ వుంది. మనవి దాచాలన్న ఇంగితమే లేదు.

దాచే సదుపాయం బొత్తిగా లేదా అంటే వుంది. దాని పేరు హైబర్నేట్. ఇక్కడ మూడు మాటలు విడివిడిగా తెలుసుకోవాలి, ఎవరూ చెప్పరు కనుక నేనే చెబుతాను. ‘స్లీప్’ అంటే కునుకు: తెర ఆగుతుంది గాని జ్ఞాపకం మాత్రం కరెంటు మీదే బతుకుతూ వుంటుంది. మామూలు కునుకులో వుండగా కరెంటు పోయిందా, జ్ఞాపకమూ పోయినట్టే. ‘షట్‌డౌన్’ సంగతి పైన చూశారు. ‘హైబర్నేట్’ అంటే జ్ఞాపకంలో వున్నదంతా డిస్కుమీద రాసేసి, ఆ తర్వాత కరెంటుతో పని లేకుండా పడుకోవడం. ప్లగ్గు పీకేసినా ఫర్వాలేదు. వారం తర్వాత పెట్టినా ఏ కిటికీ ఆ చోటే వుంటుంది. సగం రాసిన వాక్యం సగంలోనే వుంటుంది.

ఇంత మంచిదాన్ని ఎక్కడ పెట్టారనుకున్నారు? విండోస్‌లో కట్టేసే పట్టికలో మామూలుగా అది కనిపించదు! కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్ళి, పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, పవర్ బటన్లు యేం చెయ్యాలో నిర్ణయించే చోటికి వెళ్ళి, ప్రస్తుతం మార్చడానికి వీల్లేనివి మార్చనిమ్మని ఒక నొక్కు నొక్కి, హైబర్నేట్ పక్కన టిక్కు పెట్టి, సేవ్ చెయ్యాలి. రోజూ వాడే గరిటెని దేవుడి గదిలో ట్రంకు పెట్టెలో పెట్టి, తాళంచెవి మేనత్తగారింట్లో దాచినట్టు. పైగా “అడిగినవాళ్ళు లేరు కదమ్మా” అంటారు. ఉందని తెలిస్తే గదా అడగడానికి!

ఇక్కడ మా వూరి సంగతి కొంచెం చెప్పాలి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మెదక్ జిల్లా పోయి సంగారెడ్డి జిల్లా వచ్చింది, మా సిర్గాపూర్ మండలమైంది. అంతకుముందు కల్హేర్ మండలంలో వుండేది. మండలంతో ఆఫీసులొచ్చాయి, ఆఫీసులతో ‘ఆన్‌లైన్’ వచ్చింది. పట్నాలకి దీటుగా ప్రతి కాగితమూ తెరమీదకెక్కింది. కాని నల్లవాగు వైపునుంచి గాలిదుమారం లేచిందంటే తీగలు తెగుతాయి, చెట్లు పడతాయి, కరెంటు పోతుంది. ఎవరినీ అనడానికి లేదు, గాలి గాలే.

మా వీధిలో సంఘం లెక్కలు రాసే అమ్మాయి వుంది. ఇద్దరు పిల్లలు. పిల్లలు పడుకున్నాకే తనకి తీరిక. ఒక రాత్రి పదకొండు దాకా కూర్చుని పన్నెండుమంది సభ్యుల పొదుపులు, అప్పు కిస్తీలు ఒకచోట పేర్చుకుంది. ఎవరిది రాశాను, ఎవరిది మిగిలింది అన్నదానికి ఆమె వేరే గుర్తేమీ పెట్టుకోలేదు. కిటికీల వరసే గుర్తు. అయిపోయినవి కిందకి, మిగిలినవి పైకి. గాలి వచ్చింది, దీపం పోయింది. అంకెలు చాలామట్టుకు దక్కాయి, ప్రోగ్రాము దానంతటదే అప్పుడప్పుడు దాచుకుంటుంది కనుక. వరస దక్కలేదు. పొద్దున మా ఇంటికొచ్చి, “ఏం జెయ్యాలె అక్కా, మల్ల మొదటికెల్లి చూసుకోవాల్నా? రాత్రి పదకొండుదాంక కూసున్న” అంది. కళ్ళు ఎర్రగా వున్నాయి. మళ్ళీ మొదటినుంచీ పన్నెండు పుస్తకాలూ సరిచూసుకుంది, ఇంకో రాత్రి పెట్టి.

అది కూడా కాదు నా బాధ. ఆ సాయంత్రం సంఘంలో అనుకున్న మాట – “ఆమెకు కంప్యూటర్ సరింగ రాదు” అని. చూశారా, మరిచిపోయింది యంత్రం, చేతకానిదని పేరొచ్చింది ఆమెకి. ఇది ఒక్క మా వూళ్ళోనే జరుగుతుందని నేననుకోను. ఆలస్యమైన ప్రతి పని వెనకా ఒక పాతిక నిమిషాలు ‘మళ్ళీ తెరుచుకోవడం’లో పోయి వుంటాయి, అవి యే లెక్కలోనూ రావు. జీతం లెక్కలోనూ రావు, జాలి లెక్కలోనూ రావు. మళ్ళీ సర్దడం అనే పనికి మన దేశంలో ఎవరూ కూలి కట్టలేదు – ఇంట్లోనూ కట్టలేదు, తెరమీదా కట్టలేదు.

ప్రభుత్వ వెబ్‌సైటొకటి – పేరు చెప్పను – ఇంకో అడుగు ముందుకేసింది. దరఖాస్తు నింపుతూ నింపుతూ పిల్లవాడి ఆధార్ కార్డు వెతకడానికి లోపలికి వెళ్ళివచ్చేసరికి, “మీ సెషన్ ముగిసింది” అని చెప్పి మొదటి పేజీకి నెట్టింది. ఇక్కడ కిటికీ తిరిగొచ్చినా లాభం లేదు. కిటికీ వుంది, లోపల ఖాళీ. డబ్బు వ్యవహారం, బ్యాంకు ఖాతా అయితే కాసేపు కదలకపోతే బయటికి పంపడం న్యాయమే. ఎవరో వచ్చి కూర్చుంటే ప్రమాదం. నేనొప్పుకుంటాను. కాని తలుపు మూయడం వేరు, లోపల రాసిపెట్టుకున్న కాగితం చించడం వేరు. చిత్తుప్రతిగా దాచి, మళ్ళీ పేరూ పాస్‌వర్డూ అడిగి, తిరిగి చేతికిస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?

నా మాటకి ఎదురు చెప్పేవాళ్ళలో ఒకరి వాదన మాత్రం నేను కొట్టిపారెయ్యలేను. ఇంటికంతా ఒకటే కంప్యూటరు. అమ్మాయి సాయంత్రం ఏదో చదువుకుంటూ వుంది, లేచి వెళ్ళింది. రాత్రి మామగారు పెడితే ఆ అమ్మాయి కిటికీలన్నీ ఆయన ముందు వరసగా విచ్చుకుంటాయి – డాక్టరుకి రాసిన ఉత్తరమో, ఉద్యోగానికి పెట్టుకున్న అర్జీయో, స్నేహితురాలితో చెప్పుకున్న కష్టమో. గుర్తుపెట్టుకునే యంత్రం చాడీలు చెప్పే యంత్రం కూడా అవుతుంది. ఇది నిజమైన భయం, ముఖ్యంగా ఆడపిల్లలకి. దీనికి జవాబు మరిచిపోవడం కాదు. మనిషికో ఖాతా, ఖాతాకో తాళం. అలాంటి యేర్పాటు విండోస్‌లోనూ, తక్కిన వాటిలోనూ ఎప్పటినుంచో వుంది. “ఒక ఇంట్లో వుంటూ వేరువేరు తాళాలేమిటి?” అని మూతి ముడిచే పెద్దలున్నారు, నాకు తెలుసు. బీరువాకి తాళం వేసుకునేటప్పుడు ఆ మాట వారికి గుర్తురాదు. నెట్ సెంటర్లో మాత్రం యే గుర్తూ మిగల్చకుండా లాగవుట్ చేసి రావలసిందే, అక్కడ నా వాదన వర్తించదు.

రెండో వాదన రక్షణది. లినక్స్ యంత్రాల్లో 2008లో మొదలైన ‘వేలాండ్’ అనే కొత్త పద్ధతిలో, ప్రోగ్రాముకి తన కిటికీ తెరమీద ఎక్కడుందో తెలియనివ్వరు, ఫలానా చోట పెట్టమని అడగనివ్వరు కూడా. ఒక ప్రోగ్రాము ఇంకోదాని నెత్తిన కూర్చోకుండా కట్టడి అట. బాగుంది. ప్రోగ్రాముని నమ్మవద్దు. కాని కిటికీలని పెట్టేది యంత్రమే అయినప్పుడు, తను పెట్టిన చోటు తనే గుర్తుంచుకోవడానికి ఏమడ్డం? కోడలికి తాళాలివ్వనన్న అత్తగారు, ఉప్పెక్కడుందో తనైనా చెప్పాలి కదా! ఏళ్ళ తరబడి ఈ విషయం మీద చర్చలు జరిగాయి తప్ప, పాత పద్ధతిలో దొరికిన మాత్రం సుఖం కొత్తదాంట్లో దొరక్క జనం విసుక్కున్నారు. విండోస్ 11లో, 2021లో, రెండో తెర తీసి మళ్ళీ తగిలిస్తే కిటికీలు యే తెరవి ఆ తెరకి పోయే సదుపాయం ఇచ్చారు. తెర తగిలించినంత మాత్రాన గుర్తొచ్చేది, కరెంటు పోయి వస్తే ఎందుకు గుర్తురాదో నాకు అంతుపట్టలేదు.

ఇక బరువు గురించి, చోటు గురించి చెప్పేవాళ్ళకి జవాబు చెప్పడమే దండగ. ఒక పెళ్ళి వీడియోకి పట్టే చోటులో ఎన్ని వేల కిటికీల చిరునామాలు రాయవచ్చో వాళ్ళకే తెలుసు.

నేను చేసిందేమిటంటే, బాగుచేసే కుర్రవాణ్ణి పిలిచి, పక్కన నిలబడి హైబర్నేట్ టిక్కు పెట్టించాను. వాడు “ఇది యెవ్వరూ వాడరమ్మా” అన్నాడు. “నేను వాడతాను, పెట్టు నాయనా” అన్నాను. గాలికి హఠాత్తుగా పోయే కరెంటుకి హైబర్నేట్ ఒక్కటే చాలదు, ముందుగా నొక్కే వ్యవధి కావాలి. అందుకు చిన్న యూపీఎస్ ఒకటి తగిలించాను. అది కూత పెట్టగానే లెక్క ఎక్కడుంటే అక్కడ వదిలేసి ఒక్క నొక్కు. ఆ అమ్మాయి కంప్యూటరుకి కూడా అదే చేయించాం. యూపీఎస్‌కి సంఘం నుంచి డబ్బివ్వమని తీర్మానం పెట్టించాను. పోయినసారి ఆమె మీద మాట విసిరినావిడ చేతే సంతకం పెట్టించాను కూడా.

మీరు కొత్తది కొనబోతుంటే, కొట్లో ఆ రంగు బాగుంది, ఈ తెర పెద్దది అని చూస్తూ నిలబడకండి. నాలుగు కిటికీలు తెరిచి నాలుగు మూలల పెట్టించండి. కట్టించండి, ప్లగ్గు తీయించండి, ఓ కప్పు టీ తాగి వచ్చి మళ్ళీ పెట్టించండి. ఏ మూలది ఆ మూలకి వస్తేనే పర్సు తియ్యండి.